రెప్పెయ్యొద్దన్న ఎబెనేజరు

పర్సుడీహ్ బజారులో కూరగాయల బళ్ళు దాటాక, ఫోను కవర్లు అమ్మే కొట్టు పక్కన నాలుగు మెట్లెక్కితే ఫ్లోరెన్స్ స్టూడియో. ఫ్లోరెన్స్ అంటే ఎబెనేజరు భార్య. పెళ్ళయిన కొత్తలో మురిపెంగా ఆవిడ పేరే పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆవిడే, "నా పేరు దించెయ్యండి, ఆ గది కవర్ల కొట్టువాళ్ళకి అద్దెకిచ్చేద్దాం" అని రెండేళ్ళుగా పోరు పెడుతోంది. ఎబెనేజరు వింటేనా? అరవై రెండేళ్ళొచ్చినా పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షట్టరెత్తుతాడు. ఎవరూ కూర్చోని స్టూలుని గుడ్డతో తుడుస్తాడు. తుడిచాక తనే దాని మీద కూర్చుని బజారు చూస్తాడు.

బజారులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ "రెప్పెయ్యొద్దు మాస్టారు". ఆ పేరు ఊరికే రాలేదు. రీలు కెమెరాల రోజుల్లో రీలుకి పన్నెండు బొమ్మలు. పన్నెండుకి పన్నెండూ పనికొచ్చి తీరాలని ఆయన పంతం. కూర్చున్న మనిషి రెప్ప వేశాడంటే ఒక బొమ్మ దండగ. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాడు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తి, "కళ్ళు మూసుకోండి. ఒకటి, రెండు అంటాను. మూడు అన్నాక తెరవండి. తెరిచాక గాలి బిగబట్టండి. రెప్పెయ్యొద్దు" అనేవాడు. మూడో అంకెకి కళ్ళు తెరుచుకోవడం, ఫ్లాషు వెలగడం ఒక్కసారే జరిగేవి.

అలా ఆయన కెమెరా ముందు కూర్చున్న మొహాలకి లెక్క లేదు. రైల్వే పాసులకి, కార్ఖానా గేటు పాసులకి, రేషను కార్డులకి, పెళ్ళిచూపులకి అన్నిటికీ ఆయనే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి కార్ఖానాల్లో, రైల్వేలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గోడ మీది ఫోటో చూస్తే చాలు, తీసిందెవరో తెలిసిపోతుంది. అందులో అందరూ కళ్ళు ఇంతింత చేసుకుని, ఎవరో వెనకనుంచి జడిపించినట్టు చూస్తుంటారు. గేటు దగ్గరి కాపలా మనిషి పాసు తిరగేసి, "పర్సుడీహ్ వాలా ఫోటో హై నా?" అని నవ్వేవాడట. ఎబెనేజరు దాన్ని కూడా పొగడ్త కిందే జమ వేసుకున్నాడు.

తరవాత ఫోన్లొచ్చాయి. ప్రతి జేబులోనూ ఒక కెమెరా చేరింది. ఎబెనేజరు వాటికి "డబ్బీ" అని పేరు పెట్టాడు. తనకున్న డబ్బీతో మాట్లాడతాడే తప్ప ఒక్క ఫోటో తీసి ఎరగడు. అలాగని నోరూరుకుంటుందా? మెట్ల కింద ఎవరైనా ఫోను ఎత్తితే పైనుంచే అందుకుంటాడు.

"ముందు ఆ కన్ను తుడు నాయినా. పకోడీలు తిన్న సేత్తో పట్టుకుని, బొమ్మ మసగ్గా వచ్చిందని ఫోన్ని తిడతావేటి?"

ఇంకొకడు పెళ్ళాన్ని ఎండకి వీపు పెట్టి నిలబెడితే, "వెలుతురు నీ వీపు మీద పడాలి, ఆయమ్మ మొగం మీద పడాలి. తిప్పు, తిప్పు" అంటాడు. మరొకడు రెండు వేళ్ళతో తెరని సాగదీస్తుంటే, "దేవుడు కాళ్ళిచ్చినాడు గదా, రెండడుగులు ముందుకి నడు. ఏళ్ళతో లాగితే బొమ్మ సిరిగిపోద్ది" అంటాడు. సలహాలకీ తిట్లకీ కూడా ఒక్క పైసా తీసుకోడు. జనం నవ్వుకుని వెళ్ళిపోతారు. కానీ వెళ్ళేటప్పుడు కెమెరా కన్ను తుడుచుకునే వెళ్తారు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక ఏడాది నవంబరు ఇరవై తొమ్మిదిన ఒకమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. వీపున సంచీ, చేతిలో ఫోను, మొహం నిండా నిద్రలేమి.

"అంకుల్, లైట్ మిలేగీ? ఏక్ దిన్ కే లియే" అంది.

ఎబెనేజరుకి తను విన్నది నిజమేనా అనిపించింది. ఈ బజారులో ఒక్కరోజుకైనా లైటు కావాలని ఎవరైనా ఆయన్ని అడిగి మూడేళ్ళయింది. ఆ అమ్మాయి పేరు ప్రియ. సాక్చీలో చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. అంటే ఎవరో రాసిన ఆప్ ఎక్కడ తప్పటడుగు వేస్తుందో వెతికి పట్టుకునే పని. సగం హిందీలో, సగం తెలుగులో సంగతంతా చెప్పింది.

వాళ్ళ నానమ్మకి రైల్వే వాళ్ళ ఫ్యామిలీ పెన్షను వస్తుంది. పెన్షను తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఏటా ఆవిడ బ్యాంకుకి నడిచి వెళ్ళి కనపడి వచ్చేది. ఈసారి బాత్‌రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తుంటి దాకా కట్టు. కదలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వేలిముద్రల మిషను తెచ్చే మనిషిని ఇంటికే పిలిపించారు. పది వేళ్ళలో ఒక్కటీ పడలేదు. ఏళ్ళ తరబడి బూడిదతో గిన్నెలు తోమి, చేపలు రుద్ది రుద్ది ఆవిడ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. ఇక మిగిలింది ఒకటే దారి, ఫోనులో మొహం చూపించడం. ఆ ఆప్ మొహాన్ని చూసి, మనిషి బతికే ఉందని ఒప్పుకుంటే సరిపోతుంది. రెండ్రోజులుగా పెడుతుంటే ఒప్పుకోవడం లేదు. రేపటితో గడువు ఆఖరు.

"రోష్నీ కమ్ హై శాయద్" అంది ప్రియ. వెలుతురు చాల్లేదేమోనని అనుమానం. "నానమ్మ రాత్రి అన్నమూ తినలేదు అంకుల్. 'నన్ను సచ్చినోళ్ళ లెక్కలో రాసేత్తారు' అని ఒకటే ఏడుపు."

ఎబెనేజరు అప్పటికే లైటు స్టాండు మడిచేస్తున్నాడు. "అద్దెకివ్వను. నేనే వత్తాను. లైటు ఒక్కటే తీస్కెళ్తే ఏటి సేత్తావు, ఎక్కడ పెట్టాలో తెలియాల గదా. ఇల్లెక్కడ?"

"బాగ్‌బేరా. గోవిందరావు గారి ఇల్లంటే చెప్తారు. యార్డులో పనిచేసేవారు. నానమ్మ పేరు చిలకమ్మ."

స్టాండు మడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆ జంట ఎబెనేజరుకి బాగా గుర్తు. ఏమీ జరగనట్టు గొంతు సవరించుకుని, "పద" అన్నాడు.

స్కూటరు మీద వెళ్తున్నంతసేపూ ప్రియ వెనక కూర్చుని లైటు గొడుగు పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. ఆయన చెవికెక్కలేదు. ముప్పై నాలుగేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం ఆయన కళ్ళ ముందు తిరుగుతోంది.

ఆ రోజు గోవిందరావుకి వారపు సెలవు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా జంటగా ఒక్క ఫోటో లేదని భార్యని తీసుకుని స్టూడియోకొచ్చాడు. చిలకమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, తల నిండా కనకాంబరాలు పెట్టుకుని, సిగ్గుతో నేల చూస్తూ కూర్చుంది. కెమెరాలో ఒకే ఒక్క బొమ్మ మిగిలుంది. మెట్ల మీద కాంట్రాక్టరు తీసుకొచ్చిన పాతికమంది కూలీలు గేటు పాసు ఫోటోలకోసం నిలబడి ఉన్నారు. షిఫ్టు టైమయిపోతోందని కాంట్రాక్టరు కేకలేస్తున్నాడు. ఎబెనేజరుకి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, తొందర మనిషి. కళ్ళు మూసుకోమన్నాడు. ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మూడు అనకుండానే నొక్కేశాడు.

గోవిందరావు ఎవరి మాటా వినే రకం కాదు. కళ్ళు మూయమంటే మూయలేదు, గుడ్లు మిటకరించుకుని కూర్చున్నాడు. కాబట్టి అతను బాగానే పడ్డాడు. చిలకమ్మ చెప్పినట్టల్లా విని కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అలాగే పడింది.

ఫోటో తీసుకోవడానికొచ్చిన రోజు చిలకమ్మ మొహం వాడిపోయింది. "మూడు ఇనపళ్ళేదు బాబూ" అని నెమ్మదిగా అంది. తప్పు ఒప్పేసుకుని ఇంకో బొమ్మ తీసిచ్చుంటే ఆ గొడవ అక్కడితో పోయేది. ఎబెనేజరుకి అహం అడ్డొచ్చింది. "నేనన్నాను. నీకే ఇనపళ్ళేదు. రెప్పేసేసినావు" అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు కూడా. గోవిందరావు, "మళ్ళా తీయించుకుందారిలే" అని భార్యని తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఏడెనిమిదేళ్ళకి కామెర్లతో పోయాడని ఎబెనేజరుకి చర్చిలో ఎవరో చెప్పగా తెలిసింది. అతని పక్కన చిలకమ్మ ఉన్న ఫోటో అదొక్కటే. ఆ అబద్ధం సంగతి ఎబెనేజరు ఫ్లోరెన్స్‌కి కూడా చెప్పలేదు.

బాగ్‌బేరాలో వాళ్ళది రైలు పట్టాలకి దగ్గరగా రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం మీద చిలకమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, చిక్కిపోయింది. ఎబెనేజర్ని గుమ్మంలో చూడగానే గుర్తుపట్టింది.

"ఫోటో బాబువు గదా నువ్వు? తలంతా నెరిసిపోనాదేటి?"

"నెరవదా అప్పా, ఎన్నేళ్ళయిపోనాది" అన్నాడు ఎబెనేజరు, అక్కని పిలిచినట్టు పిలుస్తూనే ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

"మళ్ళా నన్ను తియ్యడానికొచ్చినావా? ఈసారి సూడు బాబూ, పేనం పోయినా రెప్పెయ్యను."

ఆ మాటకి ఎబెనేజరు మొహం దాచుకోవడానికి లైటు తీగ వెతుకుతున్నట్టు నేల మీద వంగాడు. ఎంత సేపు వెతుకుతాడు, తీగ చేతిలోనే ఉంది.

పని మొదలుపెట్టాడు. లైటు పెట్టాడు, గొడుగు తెరిచాడు, చిలకమ్మ వెనక తెల్ల దుప్పటి వేలాడదీశాడు, కళ్ళజోడు తీయించాడు, చీర చెంగు నుదుటి మీంచి వెనక్కి జరిపించాడు. అన్నీ ఒక్క ఊపులో చేసేశాడు. ప్రియ ఫోను ఎత్తింది. తెర మీద గుండ్రటి గీత వచ్చి చిలకమ్మ మొహం చుట్టూ నిలబడింది. కాసేపు తిరిగి తిరిగి, మళ్ళీ ప్రయత్నించమని చెప్పి ఆగిపోయింది.

"చూశావా, నీ డబ్బీ ఇంతే" అన్నాడు ఎబెనేజరు.

ప్రియ నవ్వలేదు. సంచీలోంచి నోటు పుస్తకం తీసింది. "అంకుల్, ఏక్ బార్ మే ఏక్ హీ చీజ్ బదలియే. మీరు ఐదు మార్చేశారు. దేనివల్ల ఆగిందో ఎలా తెలుస్తుంది? ఒకసారికి ఒక్కటే మారుద్దాం. మార్చింది రాసుకుందాం. ఆఫీసులో మేం ఇలాగే చేస్తాం."

ఇంత పిల్ల తనకి పని నేర్పడమేమిటని ఎబెనేజరుకి కోపం వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి కూడా. కానీ చీకటి గదిలో ఫోటోలు కడిగిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తనూ అంతేగా. కాగితం ముక్కని చిన్న చిన్న పట్టీలుగా వెలుతురుకి చూపించి, ఒక్కో పట్టీకి ఒక్కో సెకను పెంచుకుంటూ పోయేవాడు. ఫోటో కడిగే మందూ కాగితమూ ఒకేసారి మారిస్తే ఏది చెడగొట్టిందో దేవుడికి కూడా తెలిసేది కాదు.

"రాసుకో" అన్నాడు.

అన్నీ తీసేసి మొదటికొచ్చారు. ముందు ఫోను కన్నుని మెత్తటి బనీను గుడ్డతో తుడిచారు. పని కాలేదు, ప్రియ రాసుకుంది. మంచాన్ని కిటికీ వైపు తిప్పి, పగటి వెలుగు సూటిగా మొహం మీద పడేలా చూశారు. ఎబెనేజరు దృష్టిలో అంతకన్నా మంచి లైటు ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు. అయినా ఒప్పుకోలేదు. దుప్పటి పెట్టారు, కళ్ళజోడు తీశారు, ఫోన్ని చిలకమ్మ కళ్ళకి సమానమైన ఎత్తులో పుస్తకాల దొంతర మీద ఆనించారు. ఆప్ కొత్తది వచ్చిందేమో చూసి మళ్ళీ ఎక్కించారు. నెట్ సరిగా అందుతోందో లేదో చూడ్డానికి పక్కింటి వైఫై అడిగి తెచ్చుకున్నారు. పుస్తకంలో ఏడు గీతలు పడ్డాయి, ఏడూ కొట్టేసినవే.

పన్నెండు గంటలైంది. కిటికీ అవతల గూడ్సు బండి ఒకటి పెట్టెలు తగిలించుకుంటూ దడదడమని కదిలి ఆగింది. చిలకమ్మ అలిసిపోయి దిండు మీదికి వాలింది. ఎబెనేజరు నడుం నొప్పితో నేల మీదే చతికిలబడ్డాడు. ప్రియ మళ్ళీ ఫోను ఎత్తింది.

ఈసారి ఎబెనేజరు కూర్చున్న చోటినుంచి తెర కనపడదు. అందుకని చిలకమ్మ మొహం చూశాడు. పొద్దుటినుంచి అందరూ ఫోను వంకే చూస్తున్నారు, ఆ మొహాన్ని చూసినవాళ్ళే లేరు. మొహాలు చూడ్డమే వృత్తిగా బతికిన తను కూడా చూడలేదు.

ఫోను పైకి లేవగానే చిలకమ్మ గడ్డం దానంతటదే పైకి లేచింది. గొంతు దగ్గర ఊపిరి ఆగింది. కళ్ళు రెండూ పెద్దవైపోయి, అలాగే నిలబడిపోయాయి. ఎబెనేజరు మనసులో పదిహేను దాకా లెక్కపెట్టాడు. ఒక్క రెప్ప పడలేదు. ఫోను దిగగానే గబగబా పది సార్లు పడ్డాయి.

 ఆ చూపు ఎబెనేజరు ఎరిగినదే. ఈ ఊళ్ళో సగం గోడల మీద ఉన్న చూపే.

"పాపా, ఆ ఆప్ పైన ఏటి రాసుంది? సదువు."

"పల్కే ఝప్కాయే" అని చదివింది ప్రియ. "రెప్పలు ఆర్పమని. మైనే బోలా భీ థా నానమ్మ కో. సరే సరే అంది."

"హిందీలో సెప్పినావా?"

"హాఁ."

ఎబెనేజరు మంచం దగ్గరికి జరిగాడు. "అప్పా, ఫోను ఎత్తినప్పుడు రెప్పెయ్యాల. అదే అడుగుతోంది అది."

చిలకమ్మ ఆయన్ని అనుమానంగా చూసింది. "నువ్వేనా ఆ మాటనేది?"

"నేనే అప్పా" అన్నాడు ఎబెనేజరు. మళ్ళీ మొదలుపెట్టారు. మొదటిసారి చిలకమ్మ కళ్ళు గట్టిగా మూసేసి, తెరవమనేదాకా తెరవలేదు. రెండోసారి ఫోను ఎత్తకముందే రెప్పలన్నీ వేసేసింది, ఎత్తాక మళ్ళీ శిలే. మూడోసారి ప్రియ చిటిక వేసింది. లాభం లేకపోయింది.

"నాను ఎయ్యాలనే అనుకుంతన్నాను బాబూ. అది ఎత్తగానే కన్ను నా మాట ఇనట్లేదు" అంది చిలకమ్మ.  "పోనీలే పాపా, ఒగ్గెయ్. నన్ను సచ్చిపోయినట్టే రాసుకోమను. ఒకపాలి మూసినాను, సాలు. ఒక్క సణం ఓర్సుకోలేక ఆయన పక్కన గుడ్డిదాన్లా కూకున్నాను. ఆయన ఏటీ అనలేదు. ఒక్క మాటన్నా బాగుణ్ణు. ఆ బొమ్మ ఈ ఇంట్లో ఎవులికీ సూపించలేదు నాను."

ప్రియ బిత్తరపోయింది. ఆ ఫోటో ఒకటుందని కూడా ఆ పిల్లకి తెలియదు. ఏం చెయ్యాలో తోచక, తోచిందే చేసింది. "ఏక్ బార్ ఔర్, నానమ్మా. ప్లీజ్" అంటూ మళ్ళీ ఫోను ఎత్తి పట్టుకుంది. గుండ్రటి గీత వచ్చింది. చిలకమ్మ గడ్డం లేచింది, ఊపిరి ఆగింది.

ఎబెనేజరు ప్రియ భుజం వెనక నిలబడి ఉన్నాడు.  ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మకి చెప్పలేననిపించింది.

"అప్పా, ఆయేల తప్పు నీది కాదు. నేను మూడనలేదు. రెండు కాడే నొక్కేసినాను. నువ్వు నేను సెప్పినట్టే కళ్ళు మూసుకుని ఉన్నావు. నేనే అబద్ధమాడినాను."

చిలకమ్మ ఆయన వైపు చూసింది. ఆ మాట లోపలికి వెళ్ళడానికి కొంచెం సేపు పట్టింది. వెళ్ళాక ఆవిడ రెప్పలు కిందికి దిగాయి. లేచాయి. మళ్ళీ దిగాయి.

ఫోను టింగుమంది. గుండ్రటి గీత ఆకుపచ్చగా మారింది.

"హో గయా" అంది ప్రియ చాలా చిన్న గొంతుతో. నిమిషం తిరక్కుండా మెసేజి వచ్చింది. సర్టిఫికెట్టు తయారైందట. చిలకమ్మ అనే పెన్షనుదారు బతికే ఉన్నట్టు సర్కారు ఒప్పేసుకుంది.

 చిలకమ్మ ఇంకా ఎబెనేజర్నే చూస్తోంది.

"ముప్పయి నాలుగేళ్ళు బాబూ" అంది చివరికి.

"అవునప్పా."

"మూడు ఇనపళ్ళేదని ఆయేలే సెప్పినాను."

"సెప్పినావు."

"నీకే ఇనపళ్ళేదన్నావు. ఆ పక్కన ఎవుడో నవ్వినాడు."

"నవ్వినాడు."

"ఏటి మనిషివి నువ్వు" అంది చిలకమ్మ. ఆ మాటలో కోపం ఉంది, నిజమైన కోపమే. ఎబెనేజరు తల వంచుకుని అందుకున్నాడు. కోపం వచ్చినందుకు ఆయనకి ఒకరకంగా హాయిగా కూడా ఉంది.

ప్రియ మంచం మీద కూర్చుని నానమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంట్లో ఎవరు తెలుగులో పలకరించినా హిందీ కలపకుండా జవాబివ్వని పిల్ల, ఆ వేళ మాటలు వెతుక్కుని వెతుక్కుని మొత్తం తెలుగులోనే చెప్పింది. "నానమ్మా, అది రెప్ప ఎందుకు అడుగుతుందో తెలుసా? ఎవరైనా మోసం చేసి ఫోటో చూపిస్తారు కదా. ఫోటో రెప్ప వెయ్యదు. బతికున్న మనిషే వేస్తుంది. అందుకని."

చిలకమ్మ ఆ మాటని కాసేపు నమిలింది. తరవాత చెయ్యి చాపి అటక మీది రేకు పెట్టె చూపించింది. "దాన్ని దించు పాపా. అడుగున సీర మడతలో ఉంటాది."

ఆ తరవాత సంగతులు ముందే చెప్పేస్తాను, మళ్ళీ మరిచిపోతాను. మరుసటి ఏడాది నవంబరులో ఫ్లోరెన్స్ స్టూడియో మెట్ల మీద పెద్దవాళ్ళు వరస కట్టారు. స్టూలు కిటికీకి ఎదురుగా జరిగింది. గోడకి ప్రియ తెలుగులోనూ హిందీలోనూ రాసిన కాగితం అంటించి ఉంది. ఫోను కన్ను తుడవండి, కళ్ళజోడు తీయండి, మీ ఫోనుకొచ్చే నంబరు ఎవరికీ చెప్పకండి, ఎబెనేజరుకి కూడా చెప్పకండి, అని. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి ఆయనే స్కూటరు మీద వెళ్తాడు. తను రెప్ప వెయ్యొద్దన్న జనం కదా, ఎవరెక్కడ బిగుసుకుపోతారో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "ఈ గుడ్లన్నీ నేనే బిగించినాను, నేనే వదులు సేత్తాను" అంటాడు. బజారువాళ్ళు పేరు మార్చి "రెప్పెయ్యండి మాస్టారు" అంటున్నారు. ఫ్లోరెన్స్ బోర్డు దించమనడం మానేసి, దానికి రంగు వేయించమని కొత్త పోరు పెట్టింది.

సరే, బాగ్‌బేరా ఇంట్లో పెట్టె దిగింది. ఆకుపచ్చ చీర మడతలోంచి ప్రియ ఆ ఫోటో తీసింది. గోవిందరావు గుడ్లు మిటకరించుకుని ఉన్నాడు. పక్కన కనకాంబరాల చిలకమ్మ, కళ్ళు మూసుకుని, ఎవరో ఏదో చెబుతారని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. చిలకమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చీర చెంగుతో అద్దింది.

"ఈ మనిషి ఎవులి మాటా ఇనలేదు, సూడు" అంది భర్త బొమ్మని చూపిస్తూ. "నాను సెప్పిన మాట ఇన్నాను. బతికున్న మనిషిని. ఈ బొమ్మలో నా తప్పేటీ లేదు." అంటూనే ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది కూడా. ప్రియ వెంటనే గోడకి మేకు కొట్టబోతే ఆపింది.

"ఉండు. బాబూ, నన్ను ఇప్పుడు తియ్యి. ఆయన్ని ఒళ్ళో ఎట్టుకుని కూకుంటాను. మూడు దాకా లెక్కెట్టి తియ్యి."

ఎబెనేజరు కెమెరా స్టూడియోలోనే ఉంది. ప్రియ తన ఫోను ఇచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ డబ్బీని ఫోటోకోసం చేతిలోకి తీసుకున్నాడు. కన్నుని చొక్కా అంచుతో తుడిచాడు. వేళ్ళతో లాగలేదు, రెండడుగులు ముందుకి నడిచాడు. కిటికీ వెలుగు చిలకమ్మ మొహం మీదా, ఒళ్ళో ఉన్న గోవిందరావు మొహం మీదా పడుతోంది.

"కళ్ళు మూసుకో అప్పా" అన్నాడు.

చిలకమ్మ మూసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఎలా మూసుకుందో అలాగే, గట్టిగా, నమ్మకంగా.

"ఒకటి" అన్నాడు ఎబెనేజరు. "రెండు" అన్నాడు. అక్కడ ఆయన వేలు నొక్కడానికి ముందుకి జరిగింది. దాన్ని అలాగే ఆపుకున్నాడు.

"మూడు" అన్నాడు, ఆవిడకి బాగా వినపడేలా.

చిలకమ్మ కళ్ళు తెరిచింది. అప్పుడు నొక్కాడు.